చీరకు ఎన్ని అంగుళాలు? మన పడగ్గది బీరువాల కథ

పడగ్గదిలో వార్డ్‌రోబ్ లోతు ఎంత పెట్టించాలి అని ఏ ఇంటీరియర్ వాళ్ళని అడిగినా, ఏ కార్పెంటర్‌ని అడిగినా తడుముకోకుండా ఒకటే జవాబు చెబుతారు. రెండడుగులు, అంటే 24 అంగుళాలు. ఎందుకండీ రెండడుగులే అంటే "అదే స్టాండర్డ్ మేడమ్" అంటారు. అంతకుమించి వాళ్ళనీ అనలేం, వాళ్ళకి నేర్పినవాళ్ళు కూడా అదే చెప్పి ఉంటారు.

కొంచెం ఆలోచిస్తే ఆ లెక్క ఎక్కడిదో తెలుస్తుంది. షర్టు తగిలించే హ్యాంగరు సుమారు 17 అంగుళాలు. దానికి కోటు తగిలిస్తే భుజాలు, చేతులు అటూ ఇటూ పొడుచుకొచ్చి 20, 22 దాకా పోతుంది. తలుపు మూసుకోవడానికి ఇంకాస్త కలిపితే 24. అంటే ఆ రెండడుగులు మగవాళ్ళ కోటు భుజాల కొలత అన్నమాట.

ఇప్పుడు మన చీర తీసుకోండి. జాకెట్టు ముక్క తీసేస్తే అయిదున్నర మీటర్ల పొడుగు, 46 అంగుళాల పన్నా. పొడుగుని సగానికి సగం నాలుగుసార్లు మడిస్తే పదమూడున్నర అంగుళాలు వస్తుంది. పన్నాని నాలుగు మడతలు వేస్తే పదకొండున్నర. అంటే అర మీద చీర పట్టే జాగా ఒక అడుగు, ఇంకాస్త, అంతే. 16 అంగుళాల లోతుంటే దర్జాగా పడుతుంది. రెండడుగుల అరలో పెడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ముందొక వరస, వెనకొక వరస. వెనక వరసలో ఉన్న చీరలు మళ్ళీ పెళ్ళిళ్ళ సీజను దాకా వెలుతురు చూడవు. "ఉన్న చీరలు కట్టవు, మళ్ళీ కొత్తవి కొంటావు" అని మా వారు అంటారు. కట్టకేం, కనబడితే కదా!

ఈ మధ్య మా పడగ్గది మార్పించే పనిలో పడి ఈ 24 అంగుళాల వెంట చాలా దూరమే వెళ్ళాను. బట్టలు దాచుకునే చోటు ఎవరి బట్టల్ని బట్టి కొలిచారు, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, అన్న రెండు ప్రశ్నలు పట్టుకుంటే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ కథ చాలావరకు బయటికొచ్చేస్తోంది.

మొదటగా, మన పాత ఇళ్ళల్లో పడగ్గది అనేదే అందరికీ ఉండేది కాదు. మండువా లోగిలి ఇల్లయితే నాలుగు వైపులా వసారాలు, ఒకటి రెండు గదులు, ఎవరి చాప వాళ్ళు పరుచుకునే పద్ధతి. బట్టలు ఉండాల్సింది దండెం మీద. వెదురు గడకి రెండు చివర్లా తాడు కట్టి దూలానికి వేలాడదీస్తే అదే దండెం. మడిబట్టలకి ఇంకో దండెం, చేతికి అందనంత ఎత్తులో, కర్రతో ఆరేసి కర్రతో తీసుకునేది. మగవాళ్ళ కండువాలకీ, చొక్కాలకీ గోడకి చిలక్కొయ్యలు. చిలక ఆకారంలో చెక్కిన కొయ్య మేకు అది. ఎంత ముచ్చటైన మాటో చూడండి, ఇప్పుడు దాన్ని హుక్కు అంటున్నాం. మట్టిగోడలు రెండడుగుల మందం ఉండేవి కాబట్టి గోడలోనే గూళ్ళు. దీపం గూడు, దువ్వెనా కాటుకా పెట్టుకునే గూడు, పంచాంగం గూడు.

ఆ ఇళ్ళల్లో తాళం వేసుకునేవి పెట్టెలు. అన్నిటికంటే పెద్దది భోషాణం. దాని మీద పరుపు వేసుకుని ఇంటి పెద్దాయన పడుకునేవాడు, లోపల ఇంటి దస్తావేజులు, వెండి, జరీ పంచెలు. ఆయన లేస్తే గానీ అది తెరుచుకోదు. అది ఇంటిది. కోడలిది కాదు.

కోడలిది ట్రంకు పెట్టె. రేకు పెట్టె అన్నా అదే. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మా అమ్మమ్మకి పదమూడేళ్ళకి పెళ్ళయింది, తెనాలి దగ్గర పల్లెకి కాపురానికి వచ్చింది. అత్తగారు, ముగ్గురు తోడికోడళ్ళు, ఇద్దరు ఆడపడుచులు ఉన్న ఆ ఇంట్లో తనది అని చెప్పుకోదగ్గ చోటు ఆ పెట్టెలో ఉన్నంతే. రెండున్నర అడుగుల పొడుగు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. పైన ఎర్ర గులాబీ పువ్వు బొమ్మ, మూత మీద తెల్ల రంగుతో తన పేరు. రెండు పట్టుచీరలు, నాలుగు నేత చీరలు, పసుపు కుంకుమ భరిణె, వాళ్ళ నాన్న రాసిన ఉత్తరాలు. చీరల మధ్య మొగలి రేకులు. ఆ పెట్టె వాసన మా అమ్మకి ఇప్పటికీ గుర్తే.

తాతయ్య పోయేటప్పటికి అమ్మమ్మకి నలభై ఒక్క ఏళ్ళు. పదకొండో రోజు తరవాత పెద్దవాళ్ళు నలుగురూ కూర్చుని ఆ పెట్టె తెరిచారట. రంగు చీరలన్నీ తీసి, నీకు ఇది, నీకు ఇది అని పంచేశారు. ఎవరూ దుర్మార్గులు కారు. అలా చేయాలి కాబట్టి చేశారు. అమ్మమ్మ పక్కన కూర్చుని చూసింది. ఆవిడ పోయాక అమ్మ పెట్టె శుభ్రం చేస్తూ అడుగున పరిచిన పాత పేపర్లు ఎత్తితే, వాటి కింద పల్చగా పరిచి ఒక కనకాంబరం రంగు వెంకటగిరి చీర ఉంది. ఎప్పుడు దాచిందో, పంపకానికి ముందో తరవాతో, ఎవరికీ తెలియదు. మడతల దగ్గర పిగిలిపోయింది. ఆ చీర ఇప్పుడు మా అమ్మ దగ్గర ఉంది.

పెట్టె దాకా వచ్చాం. మరి బీరువా ఎక్కడి నుంచి వచ్చింది?

మాట దగ్గరే మొదలుపెడదాం. 'పెట్టె' మనదే. 'ట్రంకు' ఇంగ్లీషు, చెట్టు మొద్దు అని అసలు అర్థం, మొద్దుని తొలిచి పెట్టెలు చేసిన కాలం నాటి మాట. 'అలమారా' పోర్చుగీసు వాళ్ళ 'అర్మారియు' నుంచి వచ్చింది, దాని మూలంలో ఉన్నవి ఆయుధాలు. ఇక మన 'బీరువా' ఫ్రెంచి 'బ్యూరో'. ఇది చూసి నాకు భలే నవ్వొచ్చింది. బ్యూరో అంటే మొదట్లో ఒక ముతక ఉన్ని గుడ్డ. ఆ గుడ్డని రాసుకునే బల్ల మీద పరిచేవారట. తరవాత ఆ బల్లకే ఆ పేరు వచ్చింది, తరవాత సొరుగులున్న బల్లకి, తరవాత బల్ల ఉన్న ఆఫీసుకి. మన దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గుడ్డల దగ్గరికే చేరింది.

ఈ బ్యూరోలు మన కోస్తాకి కొత్త కాదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు ఇంగ్లీషు నమూనాలు చూసి బ్యూరోలు, క్యాబినెట్‌లు, నగల పెట్టెలు తయారుచేసేవాళ్ళు. రోజ్‌వుడ్, టేకు, నల్లచేవ మీద ఏనుగు దంతం పొదిగి, దాని మీద సన్నటి పూలతీగలు చెక్కి నల్లరంగు నింపేవాళ్ళు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఆ పనితనం చూడొచ్చు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న దంతపు కుర్చీలు విశాఖలో చేసినవే. ఆయన పోయాక 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జ్ వాటిని కొని షార్లెట్ రాణికి ఇచ్చాడు. మన విశాఖ వడ్రంగులు చెక్కిన సామాను రాణిగారి గదికి చేరేనాటికి, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ చీరలు దండెం మీదే ఉండి ఉంటాయి. సొరుగులున్న సామాను మన చేతులతో చేసినా, మన బట్టల కోసం చేసింది కాదు.

హైదరాబాదులో ఒకరికి మాత్రం ఆ లోటు లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 1869 నుంచి 1911 దాకా పాలించిన ఆయన. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టిన వార్డ్‌రోబ్‌ని ఇప్పుడు నిజాం మ్యూజియంలో చూపిస్తారు. మీరు వెళ్ళకపోతే పిల్లల్ని తీసుకుని ఒక ఆదివారం వెళ్ళండి. హవేలీ ఒక రెక్క పొడవునా ఆ బీరువాలే. రెండంతస్తులు. పై అరలకి వెళ్ళడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. కట్టిన బట్ట మళ్ళీ కట్టేవాడు కాదని ఆయన గురించి చెప్పుకుంటారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలోకెల్లా ధనవంతుడనిపించుకుని కూడా బట్టల విషయంలో పరమ పిసినారిగా పేరు తెచ్చుకున్నాడు. తండ్రి బీరువాలు చూస్తూ పెరిగితే అలాగే విసుగు పుడుతుందేమో! నేను ఆ వరసలో నడుస్తూ ఉన్నప్పుడు నా బుర్రలో తిరిగింది ఒకటే, ఇన్ని తలుపులు తుడిచేదెవరా అని.

మనలాంటి ఇళ్ళకి బీరువా వచ్చింది ఇనుముతోనే. అర్దెషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల కంపెనీ పెట్టారు. తరవాత ఇనప్పెట్టెలు. 1923లో ఉక్కు రేకుతో నిలువు బీరువాలు చేయడం మొదలుపెట్టారు. 1951-52లో దేశంలో మొదటి ఎన్నికలకి లక్షల కొద్దీ బ్యాలెట్ పెట్టెలు చేసింది కూడా ఆ కంపెనీయే. ఓటు వేసిన పెట్టే, ఒంటిపేట గొలుసు దాచుకున్న పెట్టే ఒకే ఊళ్ళో తయారయ్యాయి. మన ఊళ్ళల్లో వెల్డింగు షాపుల వాళ్ళు కూడా అదే నమూనాలో చేయడం నేర్చుకున్నాక, ఎవరు చేసినా సరే పేరు మాత్రం గోద్రెజ్ బీరువా. 1960ల తరవాత అమ్మాయిని కాపురానికి పంపేటప్పుడు సారెలో మంచం, పరుపు, బీరువా తప్పనిసరి అయిపోయాయి. లారీలో ముందు బీరువానే ఎక్కించేవారు. వీధిలో అందరూ బయటికొచ్చి అద్దం ఉందా లేదా అని చూసేవారు.

ఆ బీరువా కొలతలు గుర్తు తెచ్చుకోండి. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, లోతు అడుగున్నర, ఇంకో అంగుళం. రెండడుగులు కాదు! ఎదురుగా హ్యాంగర్లు తగిలించే వీలే లేదు. అది మడిచిపెట్టే బట్టలకి సరిపోయిన బీరువా. అడ్డంగా మూడు చీరల దొంతరలు, ఒక్కో అరలో ఒకటే వరస. తలుపు తీస్తే ఉన్న చీరలన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. తలుపు మీద నిలువుటద్దం, కుచ్చిళ్ళు పాదాల దాకా సరిచూసుకోవడానికి. మధ్యలో లాకరు, లాకరు లోపల ఇంకో రహస్య అర. ఆ కొలత ఎవరు ఎలా నిర్ణయించారో గానీ, మన బట్టకి ఇంత సరిగ్గా కుదిరింది మళ్ళీ రాలేదని నా అభిప్రాయం.

బీరువాతో పాటు వచ్చిన అసలు వస్తువు తాళంచెవి. బొడ్డున తాళాల గుత్తి దోపుకుని తిరిగే అత్తగార్లని మా తరం చూసింది. ఆ గుత్తి కోడలి చేతికి ఎప్పుడొస్తుందన్నది కొన్ని ఇళ్ళల్లో పాతికేళ్ళ ప్రశ్న. చట్టం మాత్రం కొంచెం ముందే కదిలింది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆడమనిషి దగ్గరున్న ఆస్తి మీద ఆమెకి పూర్తి హక్కు. అంతకుముందు చాలా ఆస్తి మీద ఆమెకి బతికున్నన్నాళ్ళు అనుభవించే హక్కే ఉండేది, అమ్ముకునే హక్కు లేదు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది. పెళ్ళిలో అమ్మాయికి ఇచ్చిన స్త్రీధనం అత్తింటి బీరువాలో ఉన్నంత మాత్రాన వాళ్ళది అయిపోదు, వాళ్ళు దాచినవాళ్ళు మాత్రమే, అడిగినప్పుడు ఇవ్వకుండా వాడుకుంటే అది నమ్మకద్రోహం నేరం.

అదే ఏడాది సెప్టెంబరు నుంచి లెక్కలోకి వచ్చేలా ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు వేసింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. అయితే మన సవరణలో ఒక మెలిక ఉంది, అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించదు. మా మేనత్త పెళ్ళి 1983లో అయింది. మా నాన్నావాళ్ళ పంపకాలు 1994లో రిజిస్టరయ్యాయి. రెండేళ్ళ తేడాలో మేనత్తకి పొలం పోయింది, బీరువా మిగిలింది. "నా వాటా అదుగో, అద్దంతో సహా" అని ఆవిడే నవ్వుతూ చూపిస్తుంది. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ మా నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవారు.

1980, 90లలో కట్టిన డాబాల్లో గోడ కప్‌బోర్డులు వచ్చాయి. కడప బండలు అరలుగా దిగేసి, ముందు చెక్క తలుపులు. బరువుకి వంగవు, చెద పట్టదు, వానాకాలం చెమ్మ మాత్రం పీల్చుకుని పట్టుచీరలకి తెల్లటి బూజు కానుకగా ఇస్తాయి. ఆ తరవాత ప్లైవుడ్, లామినేట్, నేల నుంచి సీలింగు దాకా వార్డ్‌రోబ్. దాంతో పాటే ఆ 24 అంగుళాలు కూడా. అప్పటికి ఇంట్లో షర్టులు, సల్వార్ కమీజులు, పిల్లల యూనిఫారాలు అన్నీ హ్యాంగర్లకి ఎక్కాయి కాబట్టి ఎవరూ ప్రశ్నించలేదు. చీరలే, కొలత తమది కాని ఇంట్లో సర్దుకున్నాయి.

వాకిన్ క్లోజెట్ అనే మాట మా చెల్లెలి దగ్గర విన్నాను. టెక్సస్‌లో ఉంటుంది. మా ఊళ్ళో పిల్లలకిచ్చే గదంత ఉంది వాళ్ళ క్లోజెట్! ఇంగ్లీషులో క్లోజెట్ అంటే అసలు బట్టల చోటు కాదు. కొన్ని వందల ఏళ్ళ కిందట కలవారి ఇళ్ళల్లో పడగ్గది వెనక ఉండే చిన్న ఏకాంతపు గది. చదువుకోవడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి, ప్రార్థన చేసుకోవడానికి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఒంటరిగా ప్రార్థించుకునే గదికి వాడిన మాట కూడా క్లోజెట్టే. అమెరికాలో చాలామంది మన తెలుగువాళ్ళు ఇంట్లో ఒక క్లోజెట్‌కి తలుపులు మార్పించి దేవుడి గది చేసుకుంటారు, మా చెల్లెలూ అంతే. తెలియకుండానే ఆ మాటకి పాత అర్థం తిరిగి ఇచ్చేశారు.

'మాస్టర్ బెడ్‌రూమ్' కూడా అలాంటి మాటే. 1920ల్లో అమెరికాలో ఇళ్ళ నమూనాలు అమ్మే కేటలాగుల్లో కనబడి స్థిరపడింది. యజమాని గది అని. 2020లో హ్యూస్టన్ రియల్టర్ల సంఘం ఆ మాట మానేసి 'ప్రైమరీ బెడ్‌రూమ్' అనాలని తీర్మానించుకుంది. మనం మాత్రం ఇంకా మాస్టరే అంటున్నాం. వాస్తు చెప్పినట్టు నైరుతిలో కట్టుకుంటున్నాం, ఆ నైరుతి మూలలో బీరువా ఉత్తరం చూసేలా పెట్టుకుంటున్నాం. వాస్తు సంగతి నాకు పెద్దగా తెలియదు గానీ, బాత్రూము గోడకి మాత్రం బీరువా ఆనించవద్దండీ, అది ఏ దిక్కయినా సరే. చెమ్మ ముందు ప్లైవుడ్ వెనక పలకకి పడుతుంది, తరవాత జరీకి.

ఇక మా గది. పన్నెండు అడుగులకి పధ్నాలుగు. డిజైనర్ కుర్రాడు కంప్యూటర్‌లో గీసి తెచ్చిన బొమ్మ చాలా అందంగా ఉంది. పడమటి గోడంతా స్లైడింగ్ వార్డ్‌రోబ్, పైన రెండడుగుల లాఫ్ట్. బొమ్మలో ఒక హ్యాంగరుకి నీలం కోటు, ఇంకో హ్యాంగరుకి తెల్ల గౌను. చీర ఒక్కటీ లేదు. "చీరలెన్ని ఉంటాయి ఆంటీ?" అని అడిగాడు. మంచి ప్రశ్నే, అడిగినందుకు మెచ్చుకున్నాను. నేను చేసిన పని, ఉన్న బట్టలన్నీ మంచం మీద పోసి, మూడు కుప్పలు చేయడం. మడిచిపెట్టేవి, తగిలించేవి, ఏడాదికోసారి తీసేవి. మీరు కూడా ప్లాను గీయించకముందే ఈ పని చేయండి. ఏ గదిలో ఎన్ని అంగుళాలు కావాలో ఆ కుప్పలే చెప్పేస్తాయి.

లెక్క వేస్తే తేలిందేమిటంటే, మా వారి షర్టులకీ, నా కుర్తాలకీ, అమ్మాయి అనార్కలీలకీ 24 అంగుళాల లోతు కావాలి. షర్టులకి ఎత్తు మూడున్నర అడుగులు చాలు, అనార్కలీలకి అయిదడుగులు కావాలి. రోజూ కట్టే చీరల్ని హ్యాంగరుకి వేస్తే పన్నాలో సగం, 23 అంగుళాలు కిందికి వేలాడుతుంది. కొక్కెం, కమ్మీ కలిపి మూడడుగులు. అంటే ఏడడుగుల తలుపు వెనక పైనొక వరస, కిందొక వరస చీరలు వేలాడతాయి. పై వరస కమ్మీ నా చెయ్యి అందే ఎత్తులో బిగించమన్నాను. అతను గీసిన ఎత్తు అతని చెయ్యి అందేది.

పట్టుచీరలు మాత్రం వేలాడదీయకూడదు, జరీ బరువుకి సాగుతాయి. వాటికి అరలే కావాలి, ఒక్కో దొంతరలో ఆరుకి మించకుండా. పాత ధోవతి ముక్కలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చి, కలరా ఉండలు తగలకుండా. గది తలుపు వెనక గోడకి రెండడుగుల లోతు పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదని అతను ఆ గోడని ఖాళీ వదిలేశాడు. అక్కడ అడుగున్నర లోతయితే సరిపోతుంది కదా! స్లైడింగ్ కూడా వద్దన్నాను. జాగా కలిసొస్తుంది నిజమే గానీ పట్టాల కోసం ఇంకో రెండు మూడు అంగుళాలు లోతు తింటుంది, ఒకేసారి సగమే తెరుచుకుంటుంది. మంచానికీ తలుపులకీ మధ్య మూడడుగులు ఉన్న గదిలో మామూలు తలుపులే మేలు.

అన్నీ కుదిరాక అతను అత్తయ్య బీరువా వైపు చూపించి "ఇది పాత ఇనుముకి వేసేద్దామా ఆంటీ, కేజీల లెక్కన తీసుకుంటారు" అన్నాడు. 1974లో అత్తయ్య కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళ నాన్నగారు విజయవాడలో చేయించి ఇచ్చిన ముదురాకుపచ్చ బీరువా. మామయ్యగారు పోయాక అత్తయ్య హాలు పక్క చిన్న గదికి మారారు, అందులో అది పట్టక మా గదిలోనే ఉండిపోయింది. రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి, తలుపు తట్టి, తాళం తీసి చీర తీసుకుని వెళతారు. మేము నిద్ర లేవకపోతే గుమ్మంలోనే నిలబడతారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, తన చీర కోసం.

అత్తయ్య ఏమీ అనలేదు. "మీ గది, మీ ఇష్టం" అన్నారు. అన్నాక బీరువా అద్దంలో చూసుకుంటూ జుట్టు సర్దుకున్నారు, సర్దుకోవాల్సినంత చెదిరేమీ లేదు.

టేపు తీసుకుని ఆవిడ గది కొలిచాను. అత్తయ్య మంచం నాలుగడుగుల వెడల్పుది, దాన్ని తిప్పి కిటికీ వైపు వేస్తే తూర్పు గోడకి సరిగ్గా మూడడుగుల నాలుగంగుళాలు మిగులుతోంది. బీరువా వెడల్పు మూడడుగులు. తలుపు తెరిచినా మంచానికి తగలదు, ఎందుకంటే దాని లోతు అడుగున్నరే. అదే 24 అంగుళాల వార్డ్‌రోబ్ అయితే ఆ గదిలో పట్టేది కాదు.

"అత్తయ్యా, బీరువా మీ గదిలోకి మార్పిస్తున్నాను, రంగు కూడా వేయిస్తాను, ఏ రంగు కావాలి?" అని అడిగాను. "అదే రంగు వెయ్యించమ్మా" అన్నారు.

పెయింటరు నిన్న వచ్చాడు. తలుపులు గరుకు కాగితంతో రుద్ది, లోపల అరలకి కూడా ఒక చెయ్యి వేస్తాను, లాకరు తాళం ఇస్తారా అని అడిగాడు. అత్తయ్య గుత్తి తీసి, బీరువా తాళంచెవి ఒక్కటీ విడదీసి అతనికిచ్చి, మిగతాది మళ్ళీ బొడ్డున దోపుకున్నారు.

"లాకరుకి అక్కర్లేదు బాబూ, దానికి రంగు బాగానే ఉంది."